సినిమా చూసి చంపిందన్న మాట

మొదట పని సంగతి

సినిమా హాల్లో డిస్ట్రిబ్యూటరు తరఫున కూర్చునే మనిషిని రిప్రజెంటేటివ్ అంటారు. నెల్లూరు జిల్లా పడమటి వైపు, ఆత్మకూరులోనూ ఉదయగిరిలోనూ, నా ఉద్యోగమంతా అదే. టికెట్లు సరిచూసుకోవడం అందులో ఒక భాగం. అది ఎవరైనా వారంలో నేర్చుకుంటారు కనుక దాని గురించి రాయను. అసలు పని వినడం. సినిమా చూసిన జనం ఏమనుకుంటున్నారో విని, నెల్లూరులో ఉన్న యజమానికి ఫోన్లో చెప్పాలి. దాన్ని మావాళ్ళు టాక్ అంటారు. మేం చెప్పే టాక్‌ను బట్టే సినిమా ఇంకో వారం ఆడుతుందా, మూట కట్టుకుంటుందా అన్నది తేలేది.

ఇప్పుడు ఈ పనిని సెల్‌ఫోను, మైకు పట్టుకున్న యువకులు చేస్తున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నా మాటలు వాళ్ళకు చేదుగా తగిలినా నాకు అభ్యంతరం లేదు.

నాకు మొదటి పాఠం చెప్పినవాడు ఆత్మకూరు హాలు మేనేజరు మస్తాన్. కొత్తలో నేను గేటు దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళనల్లా "సినిమా ఎలా ఉందండీ?" అని అడిగేవాణ్ణి. మస్తాన్ చూసి చూసి ఒకరోజు నవ్వాడు.

"సారూ, గేటు కాడ అడిగితే మనిషి మీకు నచ్చే మాట చెప్తాడు. ఇంటర్వెల్లో టీ అంగడి కాడికి పోండి. ఇంకా నిజం కావాలంటే ఆ వెనక గోడ కాడికి పోండి. ఆడ నిలబడినోడికి అబద్ధం ఆడే తీరిక ఉండదు."

మొరటు మాటే, కానీ ఆ తర్వాత నేను విన్న పెద్ద పెద్ద ఉపన్యాసాల్లో కూడా అంత నిజం దొరకలేదు. అడిగితే వచ్చే మాట వేరు, అడగకుండా దొర్లే మాట వేరు. మొదటిది మనిషి తన గురించి ఇతరులు ఏమనుకోవాలో చెబుతుంది. రెండోది వాడికి నిజంగా ఏమైందో చెబుతుంది. మైకు చూడగానే ఊడిపడేది ఎప్పుడూ మొదటిదే.

ఇన్నేళ్ళూ విన్నాక చెబుతున్నాను. జనం అడగకుండా దొర్లించే మాటల్లో ఎక్కువ భాగం భయం. నవ్వుగా వస్తుంది, తిట్టుగా వస్తుంది, నీతిబోధగా వస్తుంది. గీకి చూస్తే లోపల ఉండేది భయమే.

మేం అమ్మిన సరుకు

చదువుకునే రోజుల నుంచీ నేను హేతువాద సభల్లో వాదించినవాణ్ణి. వేదిక మీద బాణామతి లేదని, చేతబడి లేదని గొంతు పోయేలా అరిచి, మర్నాడు ఉదయగిరి హాల్లో దయ్యం సినిమాకు టికెట్లు సరిచూసుకునేవాణ్ణి. ఇందులో వైరుధ్యం ఏమీ లేదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కథ కథే కదా.

ఒకసారి అలాంటి దయ్యం సినిమాకు ఉదయగిరిలో జనం రాలేదు. యజమాని ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, పక్క జిల్లాలో ఈ సినిమా చూస్తూ ఒకడు కుర్చీలోనే ప్రాణం వదిలినాడంట. టీ అంగట్లో ఆ మాట వెయ్యి."

"ఎవరండీ పోయింది? ఏ ఊరు?"

"ఊరు, పేరు ఉంటే అది వార్త అవుతుంది. మనకు కావాల్సింది మాట."

అది అబద్ధమని, నేను చెప్పనని అన్నాను. యజమాని కోప్పడలేదు. ఆయన తెలివైనవాడు.

"నువ్వు దేవుడు లేడని మీటింగుల్లో చెప్తావు. నేనేమైనా అడ్డమొచ్చినానా? దయ్యం ఉందని నేను చెప్పుకుంటే నీకేం నష్టమయ్యా?"

నేను వెయ్యకపోయినా ఆ మాట ఉదయగిరి చేరింది. పోస్టర్లు మార్చారు, హాలు ముందు ఒక అంబులెన్సు నిలబెట్టారు. జనం విరగబడ్డారు. ఆడవాళ్ళు చెంగున నిమ్మకాయలు కట్టుకుని వచ్చారు. ఒక ముసలాయన మనవణ్ణి హాల్లోంచి చెవి పట్టుకుని లాక్కుపోతూ, "తెరమీది నుంచి దిగి పట్టుకుంటుందంటరా, నీకు చెప్తే అర్థం కాదా!" అని అరిచాడు.

నాకు అప్పుడు నవ్వొచ్చింది. ఆ ముసలాయన మాటలో ఉన్న ప్రమాదం నేను ఉద్యోగం చివరి నెలలో చూశాను. తెర మీది బొమ్మకు మనిషిని పట్టుకుని ఆడించే శక్తి ఉందన్న మూఢనమ్మకం పుట్టించింది పూజారులు కాదు, మంత్రగాళ్ళు కాదు. టికెట్లు తెగడం కోసం మేం, సినిమావాళ్ళం, అంగడి పెట్టి అమ్మిన సరుకు అది.

రెండు రకాల ప్రేక్షకులు, రెండు సినిమాలు

ఆ చివరి నెలలో ఆత్మకూరుకు ఒక డబ్బింగ్ సినిమా వచ్చింది. పేరు రాయను. ఒక అమ్మాయిని నలుగురు మగాళ్ళు చెరుస్తారు. ఆమె ఆ నలుగురినీ ఒక్కొక్కణ్ణే అందంతో వలవేసి పిలిచి చంపుతుంది. మొదటి సగంలో కెమెరా ఆమె ఒంటిని వదలదు, రెండో సగంలో ఆమె చేతులను వదలదు. నాలుగోవాణ్ణి చంపేది మజ్జిగలో పురుగుమందు కలిపి.

మగాళ్ళ టాక్ నేను రోజూ విన్నాను. హోల్‌సేల్ బియ్యం వ్యాపారి ఒకాయన గేటు దగ్గర పృథ్వి మైకులో, "ఇట్లాంటి సినిమాల వల్లే సంస్కృతి నాశనమైపోతా ఉండాది" అన్నాడు. పృథ్వి అంటే ఆత్మకూరులో యూట్యూబ్ ఛానల్ నడిపే యువకుడు. వ్యాపారి వెళ్ళాక మస్తాన్ నా చెవిలో, "సారూ, సంస్కృతి నాశనమైందో లేదో ఖాయం చేసుకోడానికి ఆయన మూడోసారి వచ్చినాడు" అన్నాడు.

టీ అంగడి దగ్గర మాట వేరుగా ఉండేది.

"ఒరే, ఇంటికి పోయి మజ్జిగ అడగాలంటే ఆలోచించాల్రా ఇంక."

"నేనైతే ముందు నువ్వు తాగు అంటా నా పెండ్లానికి."

"అది తాగి, నీకేం కానట్టు నటించి, నీకు పోస్తేనో?"

అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అవసరం కంటే గట్టిగా ఉండేది. దయ్యం సినిమా చూసినవాడు చీకటికి భయపడతాడు. ఈ సినిమా చూసినవాడు తన ఇంట్లో వంట చేసే మనిషికి భయపడుతున్నాడు. తాను ఏమీ చెయ్యనివాడైతే ఆ భయం ఎందుకు రావాలని నేను నా మనసులో అడిగాను. పైకి అడగలేదు. రిప్రజెంటేటివ్ వాదించకూడదు, వినాలి.

ఇక ఆడవాళ్ళు. ఇలాంటి సినిమాకు ఆడవాళ్ళు రారని మీరనుకుంటే మీకు ఆత్మకూరు తెలియదు. సంత రోజు మ్యాటినీకి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు మస్తాన్ ఒక పద్ధతి పెట్టాడు. హాల్లో దీపాలు ఆరాక జనరేటరు గది పక్క సందులోంచి, పక్క తలుపు గుండా లోపలికి వచ్చి వెనక వరసలో కూర్చోవాలి. నాలుగోవాడు ఆ అమ్మాయి ఇంటి మెట్లెక్కే చోట మస్తాన్ తలుపు దగ్గర టార్చి ఆడిస్తాడు. ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోవాలి. దీపాలు వెలిగి మగాళ్ళు బయటికి వచ్చేసరికి వాళ్ళు సంతలో వంకాయలు బేరం చేస్తూ ఉంటారు. ఎవరి కంటా పడరు.

అంటే ఆడవాళ్ళకు ఈ సినిమా చివర తెలియదు. నాలుగోవాణ్ణి పోలీసులకు పట్టించిందని ఒకామె అనుకుంది. కాళ్ళమీద పడితే వదిలేసిందని ఇంకొకామె. వాళ్ళ అభిప్రాయాలు మగాళ్ళ అభిప్రాయాలకు ఎందుకు అంత దూరంగా ఉన్నాయంటే, వాళ్ళు చూసింది వేరే సినిమా. యజమాని "లేడీస్ టాక్ ఎట్లుందయ్యా?" అంటే నేను రెండు సినిమాల టాక్ చెప్పాల్సి వచ్చేది.

కోసేసిన నవ్వు

పృథ్వి ఆ సందు సంగతి కనిపెట్టాడు. ఒక సంత రోజు ఆట అయ్యాక సందు చివర కాపు కాశాడు. పక్క తలుపు నుంచి ఒంటరిగా వస్తున్న ఒకామె ముందు మైకు పెట్టాడు. ఆమె పేరు పెంచలమ్మ. మర్రిపాడు మండలంలో ఒక పల్లె. గొర్రెలు, కొంచెం మెట్ట చేను ఉన్న ఇల్లు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి.

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అయినా పారిపోలేదు.

"అక్కా, ఆ అమ్మాయి చోట మీరుంటే ఏం చేసేవాళ్ళు?"

"నేనా? నేనైతే నాలుగోవాడి దాకా రానిస్తానా? మొదటోడినే తేల్చేద్దును."

ఛానల్లో పెట్టింది అంతవరకే. దాని తర్వాత ఆమె పకపకా నవ్వింది. "పోబ్బయా, పొట్టేళ్ళు అమ్మే కాడ మా ఆయన ఎదురు చూస్తా ఉంటాడు, నా కోసం బోండాలు గూడా కొంటానన్నాడు" అన్నది. పృథ్వియే నాకు చెప్పాడు. ఆ ముక్క ఎందుకు కోశావంటే, "నవ్వు ఉంటే మాటకు దమ్ము రాదు సారూ" అన్నాడు.

మైకు పట్టుకునే పిల్లలారా, ఈ ఒక్కటి వినండి. మనిషి మాటను కొయ్యండి, నిడివి తగ్గించండి, తప్పులేదు. నవ్వును కొయ్యకండి. నవ్వు తీసేసిన మాట ఒర తీసేసిన కొడవలి. అది ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు.

మజ్జిగ

తర్వాతి సంత రాకముందే పెంచలమ్మ భర్త మాలకొండయ్య చనిపోయాడు. మిట్టమధ్యాహ్నం చేలో పురుగుమందు కొట్టి ఇంటికి వచ్చాడు, మజ్జిగ తాగాడు, వాకిట్లోనే పడిపోయాడు, నోట నురగ వచ్చింది. ఆత్మకూరు ఆస్పత్రికి తెచ్చేలోగా ప్రాణం పోయింది. పోలీసులు అనుమానాస్పద మరణమని రాసుకుని, కడుపులోని భాగాలు పరీక్షకు పంపారు. ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు.

జనానికి ఫలితం ఎందుకు? పురుగుమందు ఉంది, మజ్జిగ ఉంది, "మొదటోడినే తేల్చేద్దును" అన్న గొంతు ఉంది. కొంగు ముఖాన్ని దాచింది గానీ గొంతును దాచలేదు. ఒక పూటలో ఆ ముక్క మర్రిపాడు నుంచి దుత్తలూరు దాకా ప్రతి ఫోన్లో మోగింది. సినిమా చూసి మొగుణ్ణి చంపింది. అందరిదీ అదే మాట.

ఆ రోజు ఆత్మకూరులో నేను చూసిన భయం ఏ దయ్యం సినిమాకూ చూడలేదు. హాలు దగ్గరి హోటల్లో ఒకాయన మజ్జిగ గ్లాసు ముట్టకుండా లేచిపోయాడు. ఎవరూ నవ్వలేదు. మస్తాన్ ఫోను ఆగకుండా మోగింది. అన్నీ పక్క తలుపు నుంచి వచ్చిన ఆడవాళ్ళవే.

"మస్తాన్ అన్నా, మా పేర్లు బయటికి రావు గదా?"

"మా ఆయన అడుగుతా ఉండాడు, నువ్వు గూడా పోయినావా అని. పోలేదని చెప్పినా. నువ్వు గూడా అదే చెప్పన్నా, నీ కాళ్ళకు దణ్ణం పెడతా."

మస్తాన్ పక్క తలుపుకు తాళం వేశాడు. సాయంత్రం యజమాని ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"ఏమయ్యా, మనం లక్షలు పోసినా ఇంత పబ్లిసిటీ వస్తుందా? పోస్టరు మీద పట్టీ అతికించు. 'పెళ్ళాంతో కలిసి చూడవద్దు' అని."

"అయ్యా, అక్కడ ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది వ్యవహారం."

"పోయినోడు పోయినాడు కదయ్యా."

"నేను ఉన్న మనిషి గురించి చెబుతున్నాను."

నేను పట్టీ అతికించనన్నాను. ఇంకొకరు అతికించారు. ఆ నెలాఖరుతో నా ఉద్యోగమూ అయిపోయింది. అందులో త్యాగమేమీ లేదు, వయసైపోయింది.

చావింట్లో చిన్నదినం కర్మ జరిగిన మరునాడు మస్తాన్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. చనిపోయినవాడి అన్న వెంగయ్య అతనికి తెలిసిన మనిషి. మస్తాన్ బక్రీదుకు పొట్టేళ్ళు అతని దగ్గరే కొంటాడు.

"సారూ, సాయంత్రం ఆమె చేత ప్రమాణం చేయిస్తారంట. కాగే నూనెలో రూపాయి బిళ్ళ వేసి తియ్యమంటారంట. చెయ్యి కాలితే చంపినట్టు."

పోలీసులకు ఫోన్ చేశాం. చూస్తామన్నారు. మేం మాత్రం మోటారుసైకిలెక్కాం.

నా చేతిలో ఉన్న ఒకే ఒక్క రుజువు

దారి పొడవునా నేను వాదం కట్టుకున్నాను. నా దగ్గర తిరుగులేని సంగతి ఒకటి ఉందనుకున్నాను. మజ్జిగలో మందు కలిపే సన్నివేశం సినిమా చివర వస్తుంది. ఆడవాళ్ళను అంతకుముందే పక్క తలుపు నుంచి పంపేస్తారు. కాబట్టి పెంచలమ్మ ఆ సన్నివేశం చూడనే లేదు. చూడనిది చూసి ఎలా నేర్చుకుంటుంది?

దీనికి ఖరీదుంది. పక్క తలుపు సంగతి బయటపెట్టాలి. అప్పుడు ప్రతి మొగుడూ ఇంటికి వెళ్ళి నువ్వెప్పుడు వెళ్ళావని అడుగుతాడు. ఒకామెను కాపాడడానికి ఎంతమందిని వాళ్ళ ఇళ్ళలో ఒంటరిగా నిలబెట్టాలి? మర్రిపాడు దాటేసరికి, అయినా సరే చెప్పాలనే తేల్చుకున్నాను.

పల్లెలో మేం దిగేసరికి ఇంటి ముందు రాళ్ళ పొయ్యి మీద బాండలి ఎక్కించి ఉంది. మంట ఇంకా అంటించలేదు. మగాళ్ళు అరుగుల మీద, ఆడవాళ్ళు గోడల వెనక. పెంచలమ్మ వసారాలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన ఆమె అత్త, కొడుకు పోయిన ముసలామె, చూపు నేలమీద పెట్టి. మస్తాన్ బతిమాలితే వెంగయ్య, "నాలుగు మాటలు అడుక్కో పో సారూ, అంతకు మించి వద్దు" అన్నాడు.

నేను ఆమె దగ్గర కూర్చుని మెల్లగా చెప్పాను. "అమ్మా, నువ్వు సినిమా చివర చూడలేదని నేను చెబుతాను. మస్తాన్ టార్చి ఆడించగానే అందరితోపాటు బయటికి వచ్చేశావని చెబుతాను."

ఆమె తల ఎత్తింది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"నేను రాలా సారూ. ఆ పక్క తలుపు తెరగుడ్డ చాటున నిలబడి కడదాకా చూసినా. ఏమైతుందో అని."

సందులో ఆమె ఒక్కతే ఎందుకు కనబడిందో అప్పుడు అర్థమైంది. నా రుజువు చచ్చింది. మస్తాన్ విన్నాడు. నన్ను పక్కకు లాగాడు.

"చెప్పెయ్యండి సారూ, చూళ్ళేదని. ఎవురికి తెలుస్తది? ప్రాణం కంటే ఎక్కువా నిజం?"

ఆ ప్రశ్నకు ఈనాటికీ నేను గర్వంగా జవాబు చెప్పలేను. నేను ఆ అబద్ధం చెప్పకపోవడానికి కారణం సత్యనిష్ఠ కాదు, భయం. రేపు ఎవడో ఒకడు "ఆమె చివరిదాకా ఉంది" అన్నాడంటే, నా అబద్ధమే ఆమె మెడకు ఉరితాడవుతుంది. దాచిందంటే చంపినట్టే కదా అంటారు. దొంగ సాక్ష్యం మీద కట్టిన ఇల్లు ముందుగా మనం కాపాడాలనుకున్న మనిషి మీదే కూలుతుంది.

అందుకని మగాళ్ళ ముందుకు వెళ్ళి ఉన్నదే చెప్పాను.

"ఆమె సినిమా చూసింది. మీలో చూసినవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. నేను ఒక యువకుడి వైపు చూశాను. టీ అంగడి దగ్గర మజ్జిగ మాట అన్నవాడు. వాడు తల దించుకున్నాడు, తర్వాత ఇంకొకడు.

"ఆ సినిమాలో నలుగురు మగాళ్ళు ఒక పిల్లను చెరిచారు. మీరు డబ్బిచ్చి చూశారు, కొందరు రెండుసార్లు. మిమ్మల్నెవరూ నూనెలో చెయ్యి పెట్టమనలేదే?"

ఆ యువకుడు లేచాడు. "ఏంది సారూ నువ్వు మాట్లాడేది? చూసినాం గానీ మేమేం చెయ్యలేదు గదా!"

"నేను చెప్పేదీ అదే. చూసినవాళ్ళంతా చెయ్యరు. నీకు వర్తించే న్యాయం ఆమెకు ఎందుకు వర్తించదు?"

ఒక అరుగు మీద గొణుగుడు మొదలైంది. వెంగయ్య మాత్రం కదల్లేదు. "మాటలు నీకు బాగా వస్తాయి. నూనె మాట్లాడతాది ఇప్పుడు" అన్నాడు.

"ఈ నూనె పద్ధతి మీ పల్లెలో ఎప్పుడు జరిగింది? మీ నాయన చేశాడా? మీ తాత చేశాడా?"

వెంగయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెనకున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఈడ జరగలా. ఒక దేవుడి సినిమాలో చూసినాం గదా, ఆ పతివ్రత చెయ్యి కాలదు."

"అంటే ఇక్కడ సినిమా చూసి నేర్చుకున్నది ఎవరు?"

సభలో అయితే చప్పట్లు పడేవి. అక్కడ వెంగయ్య లేచి నా చొక్కా పట్టుకున్నాడు. నా జీవితంలో గెలిచిన వాదాల్లో అంత బాగా గెలిచింది లేదు, అంత వృథాగా పోయిందీ లేదు. వాదంలో ఓడినవాడు మనసు మార్చుకోడు, చెయ్యి లేపుతాడు. వేదిక మీద ఎదుటివాడు కిందికి దిగిపోతాడు కనుక మనకు ఆ సంగతి తెలియదు. ఎవరో పొయ్యిలో అగ్గిపుల్ల వేశారు. చొప్ప భగ్గుమంది. పెంచలమ్మను ఇద్దరు రెక్కలు పట్టి లేపారు.

అప్పుడు ముసలామె లేచింది. చెంబెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది. పొగ లేచింది.

"దాన్ని వదలండ్రా. మజ్జిగ కలిపింది నేను."

వెంగయ్య చెయ్యి నా చొక్కా మీదే ఉంది. "ఏందమ్మా?"

"నేనే కలిపినా. వాడు సగం తాగి పెట్టేస్తే, మిగిలింది నేనే తాగినా. నాకేమైంది? మందు కొట్టి వచ్చినాడు, చొక్కా అంతా తడిసి ఉండాది, స్నానం చెయ్యరా అంటే వినలా. చేలోనే తల తిరుగుతా ఉండాదన్నాడు."

"మరి ఇన్ని రోజులు చెప్పవేం?"

"నన్నెవురడిగినార్రా? అందరూ ఆ ఫోను చూస్తా ఉండారు. కలిపింది నేనంటే నా చెయ్యి పెట్టమంటారేమోనని నోరు మూసుకున్నా. ఇది మాత్రం నా పేరు చెప్పలా." ఆమె కోడలి వైపు చూపించి, అక్కడే కూలబడి ఏడ్చింది.

అక్కడున్న ప్రతి ఒక్కరికీ పెంచలమ్మ ఏమన్నదో తెలుసు. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఉన్న ఒకే ఒక్క సాక్షిని అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నేను కూడా సినిమా గురించే వాదించాను.

దారిలో ఆమె చెప్పిన అభిప్రాయం

వెంగయ్య క్షమాపణ చెప్పలేదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆమె పుట్టింట్లో ఉండాలన్నాడు. అదే మేలనిపించింది. పోలీసులు వచ్చేసరికి బాండలి కూడా లోపలికి వెళ్ళిపోయింది. ముసలామె చెప్పింది రాసుకుని పోయారు. చాలా కాలానికి ఫలితం వచ్చింది. మందు అతని కడుపులోకి పోయింది కాదు, ఒంటికీ ఊపిరికీ పట్టిందని డాక్టర్లు తేల్చారట. ఆ వార్త ఏ ఫోన్లోనూ మోగలేదు. సినిమా పాతదైపోయింది.

మర్నాడు పొద్దున పెంచలమ్మను కొండాపురంలో ఆమె తమ్ముడి ఇంటికి చేర్చడానికి నేను తోడు వెళ్ళాను. బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. ఎవరైనా ఎక్కితే కొంగు ముఖం మీదికి లాక్కునేది. దుత్తలూరు దాటాక తనంతట తనే మాట్లాడింది. నేనేమీ అడగలేదు.

"సారూ, ఆ సినిమా అందరూ చూసినారు గదా. ఒక సంగతి ఎవురూ అనలేదేంది?"

"ఏ సంగతమ్మా?"

"కడాన ఆ పిల్ల ఇంటికి వచ్చి పడుకుంటాది గదా. నలుగురూ పొయ్యినారు. అయినా దిండు కింద కత్తి పెట్టుకొనే పడుకున్నాది. పడుకునే ముందు తడిమి చూసుకున్నాది గూడా." ఆమె నా వైపు తిరిగింది. "ఇంకెవురున్నారని సారూ?"

ఆ సినిమాను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ కత్తిని గమనించలేదు.

కొండాపురంలో ఆమె తమ్ముడు బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె దిగింది, మూట అతనికిచ్చింది. రోడ్డు దాటబోయే ముందు ఆగి, వెనక్కి తిరిగి, ఆ తర్వాత అటూ ఇటూ, అంగళ్ళ ముందు నిలబడిన మగాళ్ళందరి చేతుల వైపూ చూసింది. ఎవరి చేతిలో ఫోను ఉందో.